ఇంటికి వచ్చి కలిసి తోటపని చేసే వాలంటీర్ల సేవ: ఆరు నెలల అనుభవం

పెదనాన్నగారు పోయిన తరువాత మా పెద్దమ్మ గడప దాటడం దాదాపు మానేశారు. మోకాళ్ల నొప్పులకు తోడు, వినికిడి తగ్గి నలుగురిలో మాట అందదన్న సంకోచం ఆమెను ఒక గదికి పరిమితం చేశాయి. ఒంటరిగా ఉన్న పెద్దవారి ఇళ్లకు వారానికి ఒకసారి వాలంటీర్లను పంపి, వారితో కలిసి తోటపని చేసే సేవలో ఆమెను చేర్పించి ఆరు నెలలైంది.

పెరడు శుభ్రపడితే చాలనుకునేవారికి ఈ సేవ పనికిరాదు. మొదటి రోజు ఒక్క కుండీలో మట్టి నింపడానికే గంట పట్టింది. వాలంటీరు చేయందుకుంటే పది నిమిషాల్లో తేలిపోయే పనికి అంతసేపా అని నాకు విసుగు కలిగింది. ఆ అమ్మాయి మాత్రం పెద్దమ్మ పిడికిలితో మట్టి తీసి వేసేదాకా ఓపికగా ఆగింది. పని త్వరగా ముగించడం కాదు, పెద్దమ్మ చేతిలోంచి పని లాక్కోకపోవడమే అక్కడ ముఖ్యమని నాకు తరువాత అర్థమైంది.

మొదలుపెట్టేముందు వాడుతున్న మందులు, ధనుర్వాతం టీకా, ఎండను తట్టుకునే శక్తి గురించి వివరంగా అడిగారు. ఏ మొక్కలంటే ఇష్టమని మమ్మల్ని కాక పెద్దమ్మనే అడిగారు. కుర్చీలో కూర్చునే చేయందేలా డెబ్బై సెంటీమీటర్ల ఎత్తున మడి కట్టించి, పట్టు చాలని వేళ్ల కోసం చిన్న పార పిడికి మందంగా గుడ్డ చుట్టారు. తొలుత ముల్లంగి గింజలు వేయించడంలోని నేర్పు నాకు బాగా నచ్చింది. అవి నాలుగైదు రోజుల్లోనే మొలకెత్తుతాయి కనుక, మరుసటి వారం వాలంటీరు వచ్చేసరికి చెప్పడానికి పెద్దమ్మ దగ్గర ఒక కబురు ఉంటుంది. ఎదురుగా కూర్చుని కుశలమడిగితే ఒక్క ముక్కలో జవాబిచ్చే మనిషి, చూపు కలుపు మీద ఉన్నప్పుడు పెదనాన్నగారి గురించి కూడా మాట్లాడారు.

కిటికీలోంచి ఇటుక గోడ కనిపించిన రోగులకంటే చెట్లు కనిపించినవారు శస్త్రచికిత్స తరువాత త్వరగా ఇంటికి వెళ్లారని పరిశోధకుడు రోజర్ ఉల్రిక్ 1984లో ప్రచురించిన అధ్యయనం చెబుతుంది. అది చదివే మేము మునుపు ఆమె కిటికీ పక్కన కుండీలు పెట్టి, నీళ్లు మేమే పోశాము. ఆమెలో మార్పేమీ కనిపించలేదు. తాను నీళ్లు పోయకపోతే వాడిపోయే మడి ఒకటి ఉన్నప్పుడే ఆమె పొద్దున్నే లేవడం మొదలుపెట్టారు.

నాలుగో నెలలో మాత్రం నిర్వాహకులు ముందుగా చెప్పకుండా వాలంటీరును మార్చారు. తన వల్లే ఏదో పొరపాటు జరిగిందనుకుని పెద్దమ్మ రెండు వారాలు మడి వైపే వెళ్లలేదు. ఇప్పటికే ఒకరిని పోగొట్టుకున్నవారి విషయంలో ఇది చిన్న లోపం కాదు. మేము గట్టిగా చెప్పిన తరువాత పాత వాలంటీరు వచ్చి, కొత్త ఆమెను పరిచయం చేసి, వీడ్కోలు తీసుకుంది. వాన రోజుల్లో వాలంటీర్లు రావడం మానేయకుండా, గింజలు ఏరడం, కుండీల్లో పుదీనా కొమ్మలు నాటడం వంటి పనులు లోపలే చేయించవచ్చు.

దిగులు ముదిరితే వైద్యుడిని కలవాలనీ, తమది చికిత్స కాదనీ నిర్వాహకులే స్పష్టంగా చెబుతారు. చేరేముందు వాలంటీరు ఎన్నాళ్లు వస్తారో, మానేసేటప్పుడు ఎలా తెలియజేస్తారో తప్పక అడగండి. మేము మరో ఆరు నెలలకు పేరు నమోదు చేయించాము. ఈసారి బంతి వేయాలని పెద్దమ్మే నిర్ణయించారు.