ద్వారకానగర్‌లో వీకెండ్ టికింటర్ బ్యాచ్: బటన్ పాఠం భేష్, పైక్యూటీ దగ్గరే తేడా

విశాఖ ద్వారకానగర్‌లో కోచింగ్ బోర్డులకు కొదవ లేదు. పైథాన్ నేర్పే చోట్ల చాలావాటిలో విండో తెరిపించి, ఓ బటన్ పెట్టించి పంపేస్తారు. టికింటర్ (పైథాన్‌లో విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) నేర్పే ఈ శని, ఆదివారాల బ్యాచ్ మాత్రం అసలు చిక్కు దగ్గరే ఆగింది: కాల్‌బ్యాక్‌కి, అంటే బటన్ నొక్కగానే నడిచే ఫంక్షన్‌కి, ఆర్గ్యుమెంట్ (దానికిచ్చే విలువ) ఎలా అందుతుంది?

ల్యాబ్ పని బస్ టికెట్ కౌంటర్. జగదాంబ, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ, ఇలా నాలుగు బటన్లు. బటన్ నొక్కితే ఏది నడవాలో చెప్పే కమాండ్‌లో ఫంక్షన్ పేరు పక్కనే బ్రాకెట్లు పెట్టి స్టాపు పేరు రాస్తే, బటన్ తయారవుతుండగానే ఫంక్షన్ నడిచిపోతుంది. అది తిరిగిచ్చిన ఖాళీ విలువే కమాండ్‌కి మిగులుతుంది. ఇక ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు, ఎర్రరూ రాదు.

లాంబ్డాతో, అంటే పేరు లేకుండా అక్కడికక్కడే రాసే చిన్న ఫంక్షన్‌తో, అది తీరుతుంది. కానీ ఫర్ లూప్‌లో రాశారో, ఏది నొక్కినా మధురవాడ టికెట్టే! లాంబ్డా వేరియబుల్ పేరును మాత్రమే పట్టుకుంటుంది, విలువను నొక్కినప్పుడు వెతుక్కుంటుంది. అప్పటికి లూప్ చివరి స్టాపు చేరిపోయింది. లాంబ్డాకి 'స్టాప్=స్టాప్' అని డిఫాల్ట్ ఇస్తే ఏ బటన్ విలువ దానికి బిగుస్తుంది. పైథాన్ ఫంక్‌టూల్స్ మాడ్యూల్‌లో, విలువను ముందే బిగించిపెట్టే పార్షియల్ వాడినా సరే. ముందు ఈ తప్పు చేయనిచ్చి, ఆ తర్వాతే దిద్దించిన పద్ధతి నచ్చింది.

విడ్జెట్ల (బటన్ లాంటి తెర మీది భాగాల) తేడాలూ వదల్లేదు. బటన్, చెక్‌బటన్‌ల కమాండ్ ఏమీ పంపదు. స్కేల్ (జరిపే పట్టీ) కొత్త విలువ పంపుతుంది, అదీ స్ట్రింగ్‌గా. ఫ్లోట్‌గా మార్చకుండా అంకెతో కూడితే ఎర్రరే. కీ నొక్కడం లాంటివాటికి ఫంక్షన్ తగిలించే బైండ్, ఏం జరిగిందో చెప్పే ఈవెంట్ ఆబ్జెక్ట్ పంపుతుంది. అందుకే బటన్‌కి రాసిన ఫంక్షన్‌నే ఎంటర్ కీకి తగిలిస్తే టైప్ ఎర్రర్ వస్తుంది. ఈవెంట్ పారామీటర్‌కి డిఫాల్ట్ పెట్టుకుంటే రెండు చోట్లా నడుస్తుంది.

విండోలు చేసే మరో లైబ్రరీ పైక్యూటీని మాత్రం చివర్లో హడావుడిగా కానిచ్చేశారు. అదే లాంబ్డా చిట్కా అక్కడా పనికొస్తుందని నోట్సులో ఉంది. పనికిరాదు. బటన్ నొక్కితే వచ్చే క్లిక్డ్ సిగ్నల్ 'చెక్డ్' అనే బూలియన్‌ని (ట్రూ లేదా ఫాల్స్) పంపుతుంది. అది తిన్నగా స్టాప్‌లోకి దూరి టికెట్ మీద 'ఫాల్స్' అని పడుతుంది. లాంబ్డాలో మొదట 'చెక్డ్' రాసి, ఆ తర్వాతే స్టాప్ డిఫాల్ట్ ఇవ్వాలి. నోట్సు దిద్దితే బాగుండు.

ఐదుకి నాలుగు. ఫంక్షన్లు, లూపులు వచ్చినవాళ్లే చేరండి. ఉబుంటు ల్యాప్‌టాప్ తెచ్చుకునేవాళ్లు టికింటర్‌కి కావాల్సిన 'పైథాన్3-టీకే' ప్యాకేజీ ఇంట్లోనే వేసుకుని వెళ్లండి, పైథాన్‌తో పాటు అది రాదు.