స్థలం మీది ఆంక్షలను వెతికిపెట్టే సేవ: పటం బాగుంది, పత్రాలే కొరత

ఇంటి చిరునామా ఇస్తే ఆ స్థలానికి వర్తించే ఆంక్షలన్నిటినీ వెతికి ఒకే నివేదికగా పంపుతామని చెప్పే రుసుము సేవలు ఇప్పుడు చాలా ఉన్నాయి. పెరట్లో మరో గది కట్టి అద్దెకు ఇవ్వవచ్చో లేదో తేల్చుకోవడానికి అలాంటి ఒక సేవను వాడాను. నివేదిక త్వరగానే వచ్చింది, చూడటానికి ముచ్చటగానూ ఉంది. అయితే నాకు కావలసిన జవాబు అందులో సగమే ఉంది.

ముందుగా మంచి చెప్పాలి. ప్రభుత్వం విధించే ఆంక్షల భాగం లోపం లేకుండా ఉంది. స్థలం ఏ జోన్‌లో (నివాసం, వ్యాపారం వంటి వాడుకల వారీగా విభజించిన ప్రాంతంలో) ఉంది, ఎంత ఎత్తు వరకు కట్టవచ్చు, రోడ్డు వైపూ పక్కలా ఎంత ఖాళీ వదలాలి, వరద ముంపు పరిధిలోకి వస్తుందా, వారసత్వ కట్టడాల నిబంధనలు తగులుతాయా అన్నవన్నీ పటంతో సహా వివరించారు. కానీ ఇందులో చాలా సమాచారాన్ని స్థానిక ప్రణాళికా విభాగాలే తమ పటాల్లో ఉచితంగా చూపిస్తుంటాయి. న్యూయార్క్ 1916లో నగరమంతటికీ జోనింగ్ నిబంధనలు తెచ్చినప్పటి నుంచీ, 1926లో యూక్లిడ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ పద్ధతిని సమర్థించినప్పటి నుంచీ ఈ సమాచారం బహిరంగంగా ఉండవలసినదే. దీనికోసమే అయితే డబ్బు కట్టనక్కరలేదు.

డబ్బు కట్టవలసిన అవసరం వచ్చేది రెండో రకం ఆంక్షల దగ్గర. లేఅవుట్ వేసిన యజమాని ప్లాట్లు అమ్మేటప్పుడు దస్తావేజులో రాయించే షరతులివి: ఒక ప్లాటులో ఒకే ఇల్లు ఉండాలని, వ్యాపారం చేయరాదని, ప్రహరీ ఫలానా ఎత్తు దాటరాదని. మొదటి కొనుగోలుదారు ఒప్పుకున్న మాట ఆ తర్వాత కొన్నవాళ్లను ఎలా కట్టిపడేస్తుందని ఆశ్చర్యం కలగవచ్చు. లండన్‌లోని లెస్టర్ స్క్వేర్ తోటలో కట్టడాలు లేవకూడదన్న షరతు తెలిసే ఆ స్థలం కొన్నవాడు దాన్ని కాదనలేడని 1848లో టల్క్, మాక్స్‌హే కేసులో తీర్పు వచ్చింది. స్థలంతో పాటు షరతు కూడా చేతులు మారుతుందన్న సూత్రం అక్కడ బలపడింది. జోనింగ్ చట్టమే లేని అమెరికాలోని హ్యూస్టన్ నగరంలోనైతే పేటల రూపురేఖలను కాపాడే భారం చాలావరకు ఈ దస్తావేజు షరతుల మీదే ఉంది. అక్కడి ఓటర్లు 1993లో కూడా జోనింగ్‌ను తిరస్కరించారు.

ఇంత ముఖ్యమైన విషయం గురించి నా నివేదికలో ఉన్నది ఒక్క వాక్యం: 'లేఅవుట్ షరతులు వర్తించవచ్చు.' వర్తిస్తాయా లేదా అని చెప్పడానికే కదా రుసుము తీసుకున్నది! గట్టిగా అడిగితే మూల పత్రం నకలు పంపారు గానీ, తర్వాతి కాలంలో నమోదైన సవరణ పత్రాన్ని వదిలేశారు. ఆ లోపానికి కారణం ఊహించగలను. చాలాచోట్ల పాత రిజిస్ట్రేషన్ దస్త్రాలను చిరునామాతో వెతకలేము. అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు, లేఅవుట్ పేరు, ప్లాటు సంఖ్య పట్టుకుని వెనక్కి నడవాలి. చిరునామా ఒక్కటే తీసుకుని యంత్రంతో వెతికించే సేవకు ఆ మెట్లు దొరకవు. షరతులకు గడువుందా, గడువు తీరగానే వాటంతట అవే పొడిగింపు పొందుతాయా అన్న ప్రశ్నకు జవాబు సాధారణంగా పత్రం చివరి పేజీల్లో ఉంటుంది కనుక, సారాంశం చదివి ఊరుకుంటే లాభం లేదు.

మరో విషయంలోనూ ఈ సేవ తీరు నాకు నచ్చలేదు. అమెరికాలోని పాత దస్తావేజుల్లో ఫలానా జాతివారికి ఇల్లు అమ్మరాదన్న షరతులు ఇప్పటికీ అచ్చులో కనిపిస్తాయి. అలాంటివాటిని కోర్టులు అమలు చేయరాదని 1948లో షెల్లీ, క్రేమర్ కేసు తేల్చింది. 1968 నాటి గృహ వివక్ష నిషేధ చట్టం తర్వాత అవి పూర్తిగా చట్టవిరుద్ధం. పత్రంలో ఉన్నంత మాత్రాన షరతు చెల్లుబాటైపోదన్న ఈ తేడాను వివరించే ఒక్క పంక్తి కూడా నివేదిక నమూనాలో లేదు.

దారి హక్కులు, కరెంటు లైన్ల కింది స్థలం వంటివి సరిగానే గుర్తించారు. నివాసుల సంఘం నియమాల జోలికి మాత్రం వెళ్లలేదు. వాటిని సంఘం కార్యదర్శినే అడిగి తెచ్చుకోవాలి. కట్టడానికి అనుమతి వచ్చింది కాబట్టి దస్తావేజు షరతు రద్దయినట్టేనన్న అర్థం వచ్చేలా సహాయక విభాగం వారు మాట్లాడటం అన్నిటికంటే పెద్ద తప్పు. అధికారులు సాధారణంగా తమ నిబంధనలనే చూసి అనుమతి ఇస్తారు. షరతును అడ్డుపెట్టి పొరుగువారు కోర్టుకు వెళ్లే దారి తెరిచే ఉంటుంది.

ఐదింటికి రెండున్నర ఇస్తాను. కొనుగోలుకు ముందు స్థూలంగా తెలుసుకోవాలనుకునేవారికి ఇది పనికొస్తుంది. కట్టడం మొదలుపెట్టబోయేవారు మాత్రం రుసుము కట్టేముందు, సవరణలతో సహా రిజిస్టరైన పత్రాల నకళ్లు ఇస్తారా అని రాతపూర్వకంగా అడగాలి. ఇవ్వలేమని వారంటే ఆ డబ్బును దస్తావేజులు చదివిపెట్టే న్యాయవాదికి ఇవ్వడం మేలు.