ఆల్ కంట్రిబ్యూటర్స్ బాట్: కోడ్ రాయనివాళ్ళ పేరూ రీడ్‌మీకి ఎక్కాలంటే

విశాఖ సిటీ బస్సుల యాప్ ఒకటి వాలంటీర్లు కలిసి చేస్తున్నారనుకోండి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో నిలబడి బస్సు నంబర్లు, స్టాపుల పేర్లు రాసుకొచ్చి షీట్ నింపింది ఒకరు. కంచరపాలెం, మద్దిలపాలెం స్పెల్లింగులు సరిచూసింది ఇంకొకరు. యాప్ కోడ్ ఉంచే గిట్‌హబ్ సైటులోని కంట్రిబ్యూటర్ల (పనిచేసినవాళ్ళ) పేజీలో ఈ ఇద్దరూ కనబడరు. అది లెక్కపెట్టేది కమిట్లని (ఫైళ్ళలో చేసి భద్రపరిచిన మార్పులని), అవీ మెయిన్ బ్రాంచిలో, అంటే ప్రాజెక్టు అసలు ప్రతిలో, కలిసినవాటినే. కమిట్‌లోని ఈమెయిల్ గిట్‌హబ్ ఖాతాకి జతై లేకపోతే కోడ్ రాసినవాళ్ళ లెక్కా గల్లంతే.

ఆల్ కంట్రిబ్యూటర్స్ అనే బాట్ (కామెంటు చదివి తనే పనిచేసే ప్రోగ్రాం) ఉన్నది ఈ లోటు పూడ్చడానికే. ఉచితం, దాని కోడూ ఓపెన్ సోర్సే. రిపోలో (ప్రాజెక్టు ఫైళ్ళుండే చోట) బాట్ ఇన్‌స్టాల్ చేసి, ఏ ఇష్యూ (చర్చ పేజీ) కిందనో దాన్ని ట్యాగ్ చేసి, ఫలానా యూజర్‌ని 'డేటా'కి, 'ట్రాన్స్‌లేషన్'కి చేర్చమని ఇంగ్లీషులో ఒక కామెంటు పెడితే చాలు, పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు కలుపుకోమనే విన్నపం) తెరుస్తుంది. దాన్ని మెర్జ్ చేస్తే (కలుపుకుంటే) రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ ఫైల్) పట్టికలో ఫొటో, పేరు, పనిని చూపే ఇమోజీలు చేరతాయి. టెస్టింగ్, డిజైన్, బగ్ రిపోర్ట్, ఈవెంట్ నిర్వహణ, అన్నిటికీ విడివిడి పదాలున్నాయి. లిస్టులో లేని పదం వాడితే బాట్‌కి అర్థం కాదు.

చిక్కంతా ఒకేసారి ఎక్కువమందిని చేర్చినప్పుడే. హ్యాకథాన్ ముగిసిన సాయంత్రం పదిమంది కోసం పది కామెంట్లు పెడితే పది పుల్ రిక్వెస్టులు వస్తాయి. అన్నీ ముట్టుకునేది ఒకే కాన్ఫిగ్ ఫైల్ (సెట్టింగులు, చేరినవాళ్ళ వివరాలు ఉండేది) చివరని, ఒకే పట్టిక వరసని. మొదటిది మెర్జ్ కాగానే మిగతావాటికి కాన్‌ఫ్లిక్టులు (ఒకే చోట మార్పులు ఢీకొనడం) మొదలు. అలాంటి రోజున బాట్‌ని పక్కనపెట్టి మీ కంప్యూటర్లో కమాండ్లు టైపు చేసి నడిపే దాని కమాండ్ లైన్ టూల్ వాడండి. 'ఇనిట్' ఒక్కసారి, మనిషికో 'యాడ్', చివర్న అంతా కలిపి ఒకే పుల్ రిక్వెస్ట్. గిట్‌హబ్ లాంటి ఇంకో సైటు గిట్‌ల్యాబ్‌లో ఉన్నవాళ్ళకి దారి ఎలాగూ ఈ టూలే.

గిట్‌హబ్ ఖాతా లేని మనిషిని బాట్ చేర్చలేదు. షీట్ నింపినవాళ్ళలో సగం మంది అలాంటివాళ్ళే ఉంటారు కదా! కాన్ఫిగ్ ఫైల్లో లాగిన్, పేరు, ఫొటో లింకు, ప్రొఫైల్, చేసిన పనులు అనే 5 గడులు చేత్తో రాసి ఆ టూల్‌లో 'జనరేట్' కొట్టాలి. ఒక్క కామా తప్పినా జేసన్ (ఆ ఫైల్ రాసే పద్ధతి) విరిగిపోతుంది. ఫొటో పెట్టేముందు వాళ్ళని అడగండి.

డిఫాల్టు సెట్టింగులు మూడు మార్చుకోవాలి. వరసకి 7 ఫొటోలు ఫోన్‌లో పక్కకి జరిపితే గానీ కనబడవు, 4 పెట్టండి. సీఐని (మార్పు వచ్చినప్పుడల్లా తనంతట నడిచే పరీక్షలని) దాటవేసే ఆప్షన్ ముందే ఆన్‌లో ఉంటుంది. మీ మెయిన్ బ్రాంచికి సీఐ చెక్ తప్పనిసరైతే బాట్ పుల్ రిక్వెస్ట్ ఆ చెక్ కోసం ఎదురుచూస్తూ ఆగిపోతుంది, కాబట్టి ఆఫ్ చేయండి. ఇక 'ఫైల్స్' లిస్టులో తెలుగు రీడ్‌మీ పేరు కూడా రాయండి, లేకపోతే పట్టిక ఇంగ్లీషు దాంట్లోనే ఉండిపోతుంది. పట్టిక మొదలు, చివర చెప్పే రెండు కామెంటు లైన్లు తెలుగు ఫైల్లోనూ ఉండాలి. అవి లేకపోతే ఎర్రర్ కూడా చూపించకుండా ఫైల్‌ని అలాగే వదిలేస్తుంది, తప్పు ఎక్కడో వెతుక్కోవడం మన వంతు.

వెబ్‌లేట్ అనే అనువాద సైటులో అనువాదాలు చేయించేవాళ్ళకి ఇంకో మాట. కమిట్లని కలిపేసే స్క్వాష్ యాడాన్ పెట్టుకుంటే 'రచయిత వారీగా' అన్న ఎంపిక తీసుకోండి. లేకపోతే మార్పుల లెక్క దాచే గిట్ చరిత్రలో కమిట్ రచయితలుగా అనువాదకుల పేర్లు పోవచ్చు. ఒకే మనిషి రెండు ఈమెయిళ్ళతో ఇద్దరిలా కనబడుతుంటే ఏ ఈమెయిల్ ఎవరిదో చెప్పే మెయిల్‌మ్యాప్ ఫైల్ రిపోలో పెడితే గిట్ షార్ట్‌లాగ్‌లో (మనిషి వారీ కమిట్ల జాబితాలో) సర్దుకుంటుంది.

నచ్చనిది ఒకటుంది. ఒక అక్షరదోషం దిద్దినవాళ్ళకీ, మూడేళ్ళుగా రిపో మోస్తున్నవాళ్ళకీ పట్టికలో ఒకే సైజు ఫొటో. చిన్న ప్రాజెక్టులో అదే అందం అనుకోవచ్చు గానీ, పెద్దదైతే మెయింటెయినర్ల పేర్లు పైన విడిగా రాయక తప్పదు. కాలేజీలో చూపించడానికి సర్టిఫికెట్ అడిగే విద్యార్థికి ఇది ఏమీ ఇవ్వదు, ఆ ఉత్తరం మెయింటెయినరే రాయాలి.

నెలకోసారి 'చెక్' కమాండ్ కొట్టండి, కమిట్ చేసి కూడా పట్టికలో లేనివాళ్ళ పేర్లు చెబుతుంది. షీట్లు నింపినవాళ్ళ సంగతి దానికి తెలియదు, వాళ్ళ లిస్టు మీరే రాసి పెట్టుకోవాలి.