జాగ్రత్త: 'ఫారిన్ సీల్డ్ పీస్' అని అమ్ముతున్న వాబ్లర్ ఎల్పీ నకిలీది

మన గోదారి జిల్లాల్లో ప్రోగ్రెసివ్ రాక్ (పొడవాటి, మలుపుల పాటలుండే రాక్ సంగీతం) వినేవాళ్లం పట్టుమని పదిమంది ఉంటామో లేదో. ఆ పదిమందినీ వదలడం లేదొకాయన. వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి, రాజమండ్రిలో స్టాకుందని చెప్పి, యూపీఐలో ముందే డబ్బు వేయించుకుని ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు) పంపుతున్నాడు. నాకు అంటగట్టింది నార్వే బ్యాండ్ వాబ్లర్ 2017 ఆల్బమ్ 'ఫ్రమ్ సైలెన్స్ టు సమ్‌వేర్'. 3,800 రూపాయలు. "ఆయ్, ఒరిజినలేనండి, ఫారిన్ సీల్డ్ పీసండి" అన్నాడు ఫోన్లో. భీమవరంలో నాకు అందిన పార్సిల్‌కి పైకి వంక పెట్టడానికి లేదు. లోపలి సరుకే వేరు.

ఈ బ్యాండ్ 1999లో మొదలైంది కానీ వింటే 1972 దగ్గర ఆగిపోయినట్టుంటుంది. 'యెస్', 'జెంటిల్ జెయింట్', 'కింగ్ క్రిమ్సన్' అనే ఆనాటి బ్రిటిష్ బ్యాండ్ల ఛాయలు స్పష్టంగా తెలుస్తాయి. మెల్లోట్రాన్, హామండ్ ఆర్గాన్, మినీమూగ్ లాంటి ఆ కాలపు కీబోర్డు వాయిద్యాలే వాళ్లకి ప్రాణం. మెల్లోట్రాన్‌లో ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. నొక్కితే అది కదులుతుంది, సుమారు 8 సెకన్లకి అయిపోతుంది. ఆ టేపు శబ్దంలోని వణుకు వినడానికే కదా ఎల్పీ కొనేది. పాతవాళ్లని కాపీ కొట్టారని కొందరు విసుక్కుంటారు గానీ, వాళ్లు ఎవరి దారిలో నడుస్తున్నారో దాచలేదు. ఈ అమ్మేవాడు దాచాడు.

మొదటి పాట దాదాపు 21 నిమిషాలు. అసలు ఎల్పీలో అది ఒకే వైపున పూర్తవుతుంది. నాకొచ్చినదాంట్లో పాట మధ్యలో సౌండు మెల్లగా తగ్గిపోయి, మిగతాది రెండో వైపు మొదలైంది! డ్రమ్స్‌తో మోగే తాళాల (సింబల్స్) చప్పుడైతే నాసిరకం ఎంపీ3లో విన్నట్టు సరసరలాడుతోంది. డిస్కు పారదర్శకంగా ఉంది, అడిగితే అది 'లిమిటెడ్ ఎడిషన్' అన్నాడు. ఫ్యాక్టరీలో అచ్చయిన ఎల్పీ మామూలుగా 140 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. వంటింటి కాటా మీద పెడితే ఇది వంద కూడా తూగలేదు. మధ్యలో లేబుల్ మీద చెమట వేలు తగిలితే నీలం సిరా అంటుకొచ్చింది.

అన్నిటికన్నా గట్టి గుర్తు ఒకటుంది. పాట అయిపోయాక లేబుల్ దాకా ఉండే నున్నటి భాగంలో, ఎల్పీని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే, సన్నగా చెక్కిన అంకెలూ అక్షరాలూ కనిపిస్తాయి. ఫ్యాక్టరీలో అచ్చయిన ఎల్పీకి ఉండే గుర్తది, మ్యాట్రిక్స్ నంబర్ అంటారు. దీనిమీద ఒక్క గీత లేదు. పులస కొనేటప్పుడు ఒడిశా ఐసు చేపేమోనని మొప్ప ఎత్తి చూస్తాం కదా, డబ్బు వేసే ముందు ఆ భాగం ఫొటో అడగండి. 'సీల్ తీస్తే విలువ పోద్దండి' అన్నాడంటే వేరేచోట చూసుకోండి.

అడిగితే ముందు 'సీల్ తీశారు, రిటర్న్ లేదు' అన్నాడు. తర్వాత మాట మార్చి, మన డెల్టా ఉక్కకి పాడైందన్నాడు. ఎండకి ఎల్పీ వంకర పోతుంది, చెమ్మకి అట్ట బూజు పడుతుంది, నిజమే. పాట రెండు ముక్కలవుతుందా? అది అడిగాక నా నంబర్ బ్లాక్ చేశాడు.

ఇప్పటికే కొన్నవాళ్లుంటే డిస్కు వెనక్కి పంపేయకండి. పేమెంట్ స్క్రీన్‌షాట్, కొరియర్ కవరు, చాట్ మొత్తం దాచండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు.

ఇంకోటి, వేరే నంబర్ నుంచి ఇప్పుడు స్వీడన్ బ్యాండ్ ఆంగ్లాగార్డ్ 1992 ఆల్బమ్ 'హైబ్రిస్' ఫొటోలు తిరుగుతున్నాయి. కింద పరిచిన పచ్చ గళ్ల దుప్పటి మాత్రం నాకు పంపిన ఫొటోల్లోదే.