కార్ల పార్కింగ్ పగుళ్లకు బ్యాక్టీరియా మందు: వాడి చూశాక నా అభిప్రాయం

మేము ఉండేది నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో. అపార్ట్‌మెంటు కింద రెండంతస్తుల కార్ల పార్కింగ్ ఉంది. ముసురు పట్టిందంటే పై శ్లాబు ఉరుస్తూ కింది కార్ల మీద చుక్కలు పడేవి. కాంక్రీటులోని సున్నాన్ని కరిగించుకుని దిగే నీరు కాబట్టి అది ఆరిన చోట తెల్లటి మరక మిగులుతుంది, కారు రంగు పాడవుతుంది. కాకినాడలో సైట్ ఇంజనీరుగా చేసిన అనుభవం ఉందని యజమానుల సంఘం ఈ మరమ్మతు పని నాకు అప్పగించింది.

పగుళ్లలోకి ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు ఎక్కించాలంటే ప్రతి పగులు వెంటా రంధ్రాలు వేయాలి. మా శ్లాబు నిండా వెంట్రుకవాసి గీతలే. అన్ని చోట్ల తొలవడం నాకు నచ్చలేదు. అందుకే పగుళ్లను సున్నపురాయితో పూడ్చే బ్యాక్టీరియా ద్రవాన్నే ఎంచుకున్నాం. ఈ విద్యకు పుట్టిల్లు కూడా మా ఊరే. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో హెంక్ యోంకర్స్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త 2006లో దీనిపై పరిశోధన మొదలుపెట్టారు. కొత్త కట్టడాలకైతే నిద్రాణంగా ఉన్న బ్యాక్టీరియా బీజాలను, వాటికి ఆహారంగా కాల్షియం లాక్టేటును కాంక్రీటులోనే కలుపుతారు. పగులు పడి నీరు చేరినప్పుడు అవి మేల్కొంటాయి. మాది పాత శ్లాబు కాబట్టి పైనుంచి పిచికారీ చేసే రకం వాడాం.

ముందుగా నేలను ఒత్తిడి నీటితో కడిగి ఆరబెట్టారు. తర్వాత చేలో పురుగుమందు కొట్టినట్లే గొట్టంతో రెండు ద్రవాలను ఒకదాని వెంట ఒకటి చల్లారు. మొదటిదానిలో సోడియం సిలికేట్, గ్లూకోనేట్, రెండోదానిలో కాల్షియం నైట్రేట్ ఉంటాయి. బ్యాక్టీరియా రెండింటిలోనూ ఉంటుంది. పగులులో రెండూ కలవగానే సిలికేట్ జిగురుగా గడ్డకట్టి దారి మూస్తుంది. ఆ తర్వాత బ్యాక్టీరియా గ్లూకోనేటును తిని కార్బన్ డయాక్సైడ్ వదిలితే, అది కాల్షియంతో కలిసి సున్నపురాయిగా మారుతుంది. కాంక్రీటులోని ఘాటైన క్షారానికి మామూలు సూక్ష్మజీవులు బతకవు. అందుకే క్షారాన్ని ఇష్టపడే జాతులను ఏరి వాడతారు. ఆ ఎంపికే ఈ పద్ధతికి ప్రాణం అని నా నమ్మకం.

కొన్ని వారాలకు భూతద్దం, టార్చి పట్టుకుని వెళ్లి మా కారు నిలిపే చోటికి సరిగ్గా పైనున్న పగులును చూశాను. అంచుల వెంట తెల్లటి పలుకులు పేరుకుని, మధ్యలో ఒకదానినొకటి తాకుతున్నాయి. గోటితో గీకితే రాలలేదు. ఆ ఆకురాలు కాలపు వానలకు అక్కడ ఒక్క చుక్క దిగలేదు. నాకు పట్టలేనంత సంతోషం కలిగింది.

ర్యాంపు దగ్గర మాత్రం నీరు ఆగలేదు. అక్కడిది కదిలే కీలు. ఎండకూ చలికీ, కార్ల బరువుకూ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. సున్నపురాయి పెళుసు కాబట్టి పట్టినది మళ్లీ చిట్లుతుంది. చివరకు రబ్బరు సీలు వేయించాం. ఈ సంగతి గుత్తేదారు ముందే చెప్పాల్సింది.

ఫొటోలు చూసి మా అన్నయ్య కాకినాడ ఇంటికి కూడా ఇదే తెప్పించమన్నాడు. ఆయన చూపించిన స్తంభంలో ఉప్పుగాలికి చువ్వ తుప్పుపట్టి, ఉబ్బి, కాంక్రీటును పెచ్చులుగా నెడుతోంది. ‘వద్దన్నయ్యా, ముందు పెచ్చులు కొట్టించి తుప్పు గీకించు, కొత్త కాంక్రీటు వేయించు’ అని చెప్పాను. సున్నపురాయి నీటిని ఆపుతుందే కానీ తిన్న ఇనుమును తిరిగి ఇవ్వదు.

కదలని సన్న పగుళ్ల నుంచి నీరు కారుతుంటే నిస్సంకోచంగా వాడండి. పని అప్పగించే ముందు పగుళ్ల వెడల్పు కొలిపించి కాగితం మీద రాయించుకోండి. ఈ పద్ధతి సాధారణంగా మిల్లీమీటరు కంటే సన్నని పగుళ్లకే అని చెబుతారు. మేము ఆఖరి వాయిదా సొమ్మును ఒక చలికాలం గడిచాకే ఇచ్చాం. మీరూ ఒప్పందంలో ఆ షరతు పెట్టించండి.