లినక్స్ మింట్ 23 వస్తోంది సరే, నా ఆపిల్ కీబోర్డు సంగతేంటి?

లినక్స్ మింట్ అంటే విండోస్‌కి బదులు ఉచితంగా వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్. రాబోయే లినక్స్ మింట్ 23 గురించి ఎక్కడ చూసినా థీమ్‌లు, ఐకాన్లు, మెనూ ఎలా మారుతుందీ అన్న మాటలే. నాకు వాటితో పని లేదు. ఒంగోలులో ప్రకాశం భవన్‌కి, అంటే కలెక్టరేట్‌కి, దగ్గర్లో నాది చిన్న డీటీపీ షాపు. అర్జీలు, అఫిడవిట్లు, అగ్రిమెంట్లు కొట్టివ్వడమే పని. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా తెలుగు టైపింగ్ మీదే ఇల్లు గడుస్తోంది. అందుకే మింట్ 20 కాలం నుంచి ఈ సిస్టమ్ వాడుతున్నవాడిగా నేను చూసేది ఒక్కటే: ఇప్పుడున్నంత హాయిగా కొత్తదాంట్లో తెలుగు కొట్టుకోగలనా లేదా అని.

ఆ హాయి ఏంటో ముందు చెప్పాలి. మా తరం డీటీపీ వాళ్లం చాలామందిమి తెలుగు టైపింగ్ నేర్చుకున్నది ఆపిల్ కీబోర్డు మీద. ఆపిల్ కంప్యూటర్ అనుకునేరు, అది కాదు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టేవాళ్లు ఎంచుకునే అక్షరాల అమరిక పేరు అది. ఇన్‌స్క్రిప్ట్ ప్రభుత్వ ప్రమాణమే, అన్ని సిస్టమ్‌లలోనూ దొరుకుతుంది, కానీ ఏళ్ల తరబడి వేళ్లకు పడిపోయిన అలవాటుని ఇప్పుడు మార్చుకోమంటే ఎట్లా కుదురుతుంది? ఇంగ్లీషు స్పెల్లింగుతో తెలుగు రాసే పద్ధతి మెసేజీలకు బాగానే ఉంటుంది గానీ నాలుగు పేజీల అఫిడవిట్‌కి నాకు చాలదు.

మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి ఐబస్-ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీ వేసుకుంటే తెలుగు కింద అమరికలు వరసగా కనిపిస్తాయి: ఆపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, పోతన, ఆర్టీఎస్. పైసా ఖర్చు లేదు. మొదటిసారి ఆపిల్ ఎంచుకుని 'గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారికి' అని కొడితే కీబోర్డు వైపు చూడకుండానే వచ్చేసింది, అదీ నికార్సైన యూనికోడ్‌లో. ఒకచోట కొట్టింది మెయిల్‌లో పెట్టుకోవచ్చు, వాట్సాప్‌లో పంపొచ్చు, ఆన్‌లైన్ ఫారంలో అతికించొచ్చు, ఎక్కడా అక్షరం చెదరదు. పాత ఫాంట్లతో పనిచేసినవాళ్లకి ఇదెంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు. మండలి, సురవరం, ఎన్‌టీఆర్ లాంటి ఫాంట్లు కూడా ఉచితమే కాబట్టి అర్జీ చూడ్డానికీ బాగుంటుంది.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. షాపులో రెండో సిస్టమ్ ఆరో జనరేషన్ ప్రాసెసర్‌ది, విండోస్ 11 ఎనిమిదో జనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది. దాంతో దాన్నీ మింట్‌కే మార్చేశాను. ఈ టైపింగ్ లేకపోయుంటే మార్చేవాణ్ని కాదు.

మరి టెన్షన్ దేనికంటే, వేలాండ్. లినక్స్‌లో తెర మీద బొమ్మ వేసే పనీ, కీబోర్డు నొక్కులు అందుకునే పనీ ఇన్నాళ్లూ ఎక్స్11 చూసుకునేది. అది 1987 నాటిది. దాని స్థానంలోకి రావడానికి 2008లో మొదలైంది వేలాండ్. ఇంకో లినక్స్ అయిన ఉబుంటు 25.10లో, దాని గ్నోమ్ డెస్క్‌టాప్‌కి ఎక్స్11 సెషన్ (లాగిన్ అయ్యేటప్పుడు ఎంచుకునే పద్ధతి) తీసేశారు. మింట్ మాత్రం తొందరపడలేదు, 21.3లో, అంటే 2024 జనవరిలో, వేలాండ్‌ని 'ప్రయోగాత్మకం' అని స్పష్టంగా రాసి మామూలు సెషన్‌కి తోడుగా ఇచ్చింది, 23 నాటికి అంతా సిద్ధం చేసుకోవాలన్నది వాళ్ల ఆలోచన. అంటే ఆ మార్పు ఎంతవరకు కుదిరిందో తేలేది రాబోయే వెర్షన్‌లోనే.

కుదరకపోతే ఏమవుతుందో నేను ఒక సోమవారం పొద్దున చూశాను. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే రోజు, ఆ పూట మా షాపు ముందు నిలబడ్డానికి చోటుండదు. షాపులో పనిచేసే కుర్రాడు వేలాండ్‌లో స్క్రోలింగ్ నున్నగా ఉంటుందని ఎక్కడో విని, లాగిన్ అయ్యేటప్పుడు ఆ సెషన్ ఎంచుకున్నాడు. డెస్క్‌టాప్ అచ్చం ఎప్పటిలాగే ఉంది, తేడా ఏమీ తెలియదు. టంగుటూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన, రీసర్వేలో ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబరు పడ్డాక పొలం విస్తీర్ణం తగ్గిందని అర్జీ, పాత పాస్‌బుక్కు జిరాక్సు, 1బి కాగితం టేబుల్ మీద పరిచాడు. నేను కొట్టడం మొదలుపెట్టాను, తెర మీద మాత్రం అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. భాష మార్చే షార్ట్‌కట్ నొక్కినా మారలేదు. కింద ప్యానెల్‌లో ఎప్పుడూ ఉండే భాష గుర్తు లేదు. ఐబస్ ఆపి మళ్లీ మొదలుపెట్టాను, సిస్టమ్ రీస్టార్ట్ చేశాను, లాగిన్ తెర చివరిసారి వాడిన సెషన్‌నే గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి మళ్లీ అదే పాట.

"ఏంది అబ్బాయ్, ఇంకా కాలా? లోపల రద్దీ అయిపోద్ది."

"కూర్చోండి పెదనాన్నా, ఐదు నిమిషాలు."

ఆయన కూర్చోలేదు. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. చివరికి తెల్ల కాగితం తీసుకుని ఆయన అర్జీ చేత్తోనే రాసిచ్చాను, డబ్బులు తీసుకోవాలనిపించలేదు. ఆ తర్వాత లాగౌట్ అయి, లాగిన్ తెర మీద పేరు పక్కనున్న చిన్న గుర్తు నొక్కితే అసలు సంగతి బయటపడింది, 'వేలాండ్ మీద సినామన్' అని ఉంది. సినామన్ అంటే మింట్ డెస్క్‌టాప్ పేరు. మామూలు సినామన్ ఎంచుకుని లోపలికి రాగానే తెలుగు వచ్చేసింది. మీకెప్పుడైనా ఉన్నట్టుండి తెలుగు రావడం మానేస్తే ముందు చూడాల్సింది అదే గుర్తు.

ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు, ప్రయోగాత్మకమని ముందే రాశారు. కానీ కారణం తెలుసుకున్నాక భయం పెరిగింది. ఎక్స్11లో ఐబస్ లాంటి టైపింగ్ సాధనం నేరుగా అప్లికేషన్‌తో మాట్లాడుకుని అక్షరాలు అందించగలదు. వేలాండ్‌లో మధ్యలో డెస్క్‌టాప్ ఉండాల్సిందే, నొక్కిన ప్రతి మీటా దాని చేతుల మీదుగానే వెళ్లాలి. సినామన్ ఆ ఏర్పాటు పూర్తిగా చేయకపోతే నా ఆపిల్ కీబోర్డు ఎంత బాగున్నా ప్రయోజనం లేదు. ఇంగ్లీషు మాత్రమే కొట్టేవాళ్లకి ఈ లోటు కంటికి కూడా కనపడదు, అందుకే సమీక్షల్లో దీని ఊసే ఉండదని నా బాధ.

మంచి కబురు ఏంటంటే, 22.3తో వచ్చిన సినామన్ 6.6లో ఈ పని చాలా ముందుకెళ్లింది. కీబోర్డు అమరికలు ఒకచోట, ఐబస్ ఇంకోచోట అన్న పద్ధతి పోయి రెండూ ఒకే సెట్టింగులోకి వచ్చాయి. వేలాండ్ సెషన్‌లోనూ భాష గుర్తు కనిపించింది, లిబ్రే ఆఫీస్‌లో, బ్రౌజర్‌లో ఆపిల్ తెలుగు వచ్చింది. సంతోషం పట్టలేక ఆ సాయంత్రం ఒక అగ్రిమెంటు మొత్తం అందులోనే కొట్టాను. అయితే వేగం అందుకున్నాక అక్కడక్కడా వత్తు జారిపోయింది, 'విస్తీర్ణం' కొడితే 'విసీర్ణం' అని పడింది. ఎక్స్11లో అదే వేగంతో కొడితే అలా కాలేదు. నా సిస్టమ్ పాతది, కారణం అదే కావచ్చు. కానీ అఫిడవిట్‌లో అక్షరం జారితే నేను ఒప్పుకోలేను.

ఆపిల్ అమరికను ఇంతసేపు పొగిడాను గానీ దాంతో ఒక ఇబ్బంది మొదట్నుంచీ ఉంది. పొల్లు తర్వాత హల్లు విడిగా నిలబడాలంటే మధ్యలో కనపడని ఒక అక్షరం పడాలి, అది లేకపోతే 'పాస్‌బుక్' కాస్తా 'పాస్బుక్' అయిపోతుంది. అర్జీల్లో ఇలాంటి మాటలే ఎక్కువ. పాత సాఫ్ట్‌వేర్‌లో దానికి వేలికి అందే మీట ఉండేది, ఇక్కడ నాకు అలాంటిది దొరకలేదు. లిబ్రే ఆఫీస్ ఆటోకరెక్ట్‌లో రోజూ వచ్చే మాటలన్నీ ఎక్కించుకున్నాను, 'పాస్‌బుక్‌లో', 'పాస్‌బుక్‌కి' అంటూ విడివిడిగా. పని నడుస్తోంది, కానీ అది లిబ్రే ఆఫీస్ వరకే, బ్రౌజర్‌లో కొట్టేటప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. 23లో ఈ ఒక్క మీట కలిపినా నేను కొత్త ఐకాన్ల గురించి పల్లెత్తు మాట అడగను.

పెళ్లికార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసేవాళ్లు నా మాట పట్టుకుని మారకండి. పేజ్‌మేకర్, పాత ఫాంట్ల ఫైళ్లు మింట్‌లో తెరవాలంటే అవస్థే. నా దగ్గర కూడా పాత ఖాతాదారుల ఫైళ్ల కోసం ఒక విండోస్ సిస్టమ్ మూలన ఉంది, నెట్ తీసేసి ఉంచాను. నాలాగా కాగితం మీద తెలుగు అక్షరాలే పని అయినవాళ్లకి మాత్రం మింట్ చెప్తాను, అదీ ఇప్పటికి 22.3 మామూలు సెషన్. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి, 23 రాగానే దూకాల్సిన తొందరేమీ లేదు. వచ్చాక పెన్‌డ్రైవ్ మీద వేసుకుని, హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండా, రెండు సెషన్లలోనూ ఒక పేజీ తెలుగు మీ మామూలు వేగంతో కొట్టి చూడండి, నేను చేయబోయేదీ అదే. ఎక్స్11 సెషన్ అందులో ఇంకా ఉంటే రెండో సిస్టమ్‌లో ముందు వేస్తాను. సోమవారం వాడే సిస్టమ్ మాత్రం కదిలించను.