వేసవి సెలవుల్లో సముద్రానికి: శ్రీలంక మేలా, మాల్దీవులు మేలా?

ఏప్రిల్ ఆఖరి వారంలో బడులు మూస్తారు, జూన్ రెండో వారంలో తెరుస్తారు. పిల్లలున్న ఇళ్లకి దూర ప్రయాణమంటే ఈ ఆరేడు వారాలే. విదేశంలో బీచ్ అనగానే ముందుగా వచ్చే పేర్లు రెండు: శ్రీలంక, మాల్దీవులు. మేం రెండూ చూశాం. మాల్దీవులకి నేనూ మా ఆయనా మాత్రమే వెళ్లాం. శ్రీలంకకి అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలతో కలిపి ఆరుగురం. పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి వెళ్లే వేసవి ప్రయాణానికి శ్రీలంకే మేలని నా గట్టి అభిప్రాయం. కాకపోతే అందులో ఏ ఒడ్డుకి వెళ్తున్నారో చూసుకోవాలి. చాలామంది పొరపాటు పడేది అక్కడే.

నైరుతి రుతుపవనాలు కేరళకి రాకముందే ఈ రెండు దేశాల్నీ తాకుతాయి. మిరిస్సా, ఉనవటున, హిక్కడువ, బెంతోట అంటూ మనం ఫొటోల్లో చూసే కొబ్బరిచెట్ల బీచ్‌లన్నీ శ్రీలంక నైరుతి తీరానివి. మే సగానికొచ్చేసరికి అక్కడ అలలు ఎగిసిపడతాయి, ఎర్రజెండాలు పాతేస్తారు. మాకు తెలిసినవాళ్లు ఆ ఫొటోలు చూసి మే మూడో వారానికి గదులు తీసుకున్నారు. పాపం, నాలుగు రోజులూ బాల్కనీలో కూర్చుని వాన చూసి వచ్చారు. సరిగ్గా అదే సమయంలో తూర్పున ట్రింకోమలీ, పాసికుడా వైపు ఎండ కాస్తూ ఉంటుంది. దేశం మధ్యలో ఉన్న కొండలు ఆ వానని అటువైపే ఆపేస్తాయి. తూర్పు తీరానికి వానలు చలికాలంలో, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. మిరిస్సా దగ్గర నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కనిపించే నీలి తిమింగలాల్ని కూడా మే నుంచి ట్రింకోమలీ వైపే చూడాలి.

మాల్దీవులకి ఆ వీలు లేదు. సముద్రమట్టానికి చాలావరకు ఒకటి రెండు మీటర్లే ఎత్తున్న దీవులవి. వానని ఆపే కొండ ఎక్కడుంటుంది? ఏప్రిల్లో వెళ్తే ఫర్వాలేదు, సముద్రం చాలావరకు ప్రశాంతంగానే ఉంటుంది. మే రెండో సగం నుంచి గాలీ వానా ఎప్పుడు పట్టుకుంటాయో చెప్పలేం. రోజంతా కురవదు నిజమే కానీ, గాలున్న రోజు స్పీడ్‌బోటులో వెళ్తే నడుం విరిగినంత పనవుతుంది. నడుంనొప్పి ఉన్న పెద్దవాళ్లుంటే బోటు ముందువైపు అసలు కూర్చోనివ్వకండి.

నీటి అందంలో మాత్రం మాల్దీవులకి సాటి లేదు, మనస్ఫూర్తిగా చెప్తున్నా. ఒడ్డు నుంచి కాసేపు ఈదామో లేదో, కింద పగడాల దిబ్బ అంచు వచ్చేసింది. అంతవరకూ లేతాకుపచ్చగా ఉన్న నీళ్లు అక్కణ్నుంచి ముదురు నీలం. ఆ అంచు మీద తేలుతూ కిందికి చూస్తే గుండె ఝల్లుమంది. 2016లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు చాలావరకు తెల్లబడిపోయాయి. కొన్నిచోట్ల చచ్చిన పగడాల బూడిదరంగు ఇంకా కనిపిస్తుంది, చూస్తే బాధేస్తుంది. అయినా చేపలకి లోటు లేదు.

ఇక ఖర్చు. అక్కడ రిసార్టంటే దీవి మొత్తం అదే. తిండి, నీళ్లు, బోటు అన్నీ వాళ్ల ధరకే కొనాలి. గది అద్దె పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీస్ ఛార్జీ, దాని మీద 17 శాతం పన్ను అదనమని అర్థం. 200 డాలర్ల గది 257 దాకా తేలుతుంది. ఇది కాక పర్యాటకుల మీద వేసే గ్రీన్ టాక్స్ మనిషికి రోజుకి 12 డాలర్లు. సీప్లేన్ (నీళ్ల మీద దిగే చిన్న విమానం) ఎక్కాల్సిన రిసార్టయితే ఆ టికెట్టే మనిషికి కొన్ని వందల డాలర్లు. పైగా అది పగలే ఎగురుతుంది కాబట్టి మన దేశం నుంచి వెళ్లిన విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి రాజధాని మాలే దగ్గరే గది తీసుకోవాలి. తక్కువలో కావాలంటే మాఫుషి లాంటి, స్థానికులు ఉండే దీవుల్లో గెస్ట్‌హౌస్‌లున్నాయి. చిన్న గెస్ట్‌హౌస్‌లో గ్రీన్ టాక్స్ 6 డాలర్లే. మేం ఉన్నదీ అలాంటి చోటే. అక్కడ మద్యం దొరకదు, ఈత దుస్తులకి వేరే బీచ్ ఉంటుంది, శుక్రవారం ఫెర్రీలు చాలావరకు తిరగవు. పూజకోసం చిన్న విగ్రహం తీసుకెళ్లే అలవాటుంటే ఇంట్లోనే ఉంచి రండి. కస్టమ్స్ వాళ్లు ఒప్పుకోరు.

శ్రీలంకలో మేం ట్రింకోమలీ దగ్గర నిలావెలిలో దిగాం. పొద్దున్నే అలలు చీలమండ దాటకుండా వచ్చి పోతున్నాయి. నాన్న పంచె పైకి కట్టుకుని నీళ్లలో అరగంట నడిచారు. ఒడ్డు నుంచి పది పదిహేను నిమిషాల బోటు దూరంలో పీజియన్ ఐలండ్ ఉంది, చిన్న జాతీయ పార్కు. మావాడికి ఎనిమిదేళ్లు. మాస్కు పెట్టుకుని నీళ్లలో ముఖం పెట్టాడు, రెండు క్షణాల్లో నా వేలు గట్టిగా పట్టుకున్నాడు. మా కిందుగా రెక్కల చివర్లు నల్లగా ఉన్న చిన్న సొరచేప వెళ్తోంది. మనుషుల జోలికి రాని రకం అది. భయం పోయాక ఇక బయటికి రానంటాడు! సెలవురోజుల్లో జనం ఎక్కువ, పగడాల మీద నిలబడేస్తున్నారు. దయచేసి మీరు నిలబడకండి. పిల్లలు మరీ చిన్నవాళ్లయితే పాసికుడా ఇంకా మంచిది, చాలా దూరం నడిచినా నీళ్లు నడుం దాటవు.

అమ్మకి మాత్రం ఈ ప్రయాణమంతా కోనేశ్వరం కోసమే. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ మీద శివాలయం, పక్కనే శాంకరీదేవి. అష్టాదశ శక్తిపీఠాల వరుసలో మొట్టమొదటి పేరు ఆవిడదే. మన అలంపురం, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం ఉన్న వరుసే అది. పాత గుడిని 1620లలో పోర్చుగీసువాళ్లు కూలగొట్టారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. మిగిలిన పీఠాల సంగతి అమ్మ ఎప్పుడూ చెప్తూనే ఉంటుంది. లంక మాత్రం చూస్తాననుకోలేదట. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తిండికీ ఇబ్బంది పడలేదు. ఇడియాప్పం, పప్పు, కొబ్బరి సంబల్ అనే పచ్చడి, మట్టి మూకుడులో గేదె పెరుగు. శాకాహారులు ఒక్కటి గుర్తుంచుకోండి: సంబల్లో, కొన్ని కూరల్లో కూడా ఎండబెట్టిన చేప పొడి వేస్తారు. తూర్పున తమిళం నడుస్తుంది, "మీన్ వేండాం" (చేప వద్దు) అంటే చాలు. మన రూపాయికి అక్కడివి మూడుకు పైనే వస్తాయి. 2024 నుంచి కొన్ని దుకాణాల్లో యూపీఐ కూడా పనిచేస్తోంది.

కష్టమల్లా దారి. కొలంబో నుంచి ట్రింకోమలీకి కారులో ఆరు గంటలు. పెద్దవాళ్లతో ఒక్క బిగిన వెళ్లొద్దు, హబరణ, సిగిరియా దగ్గర ఒక రాత్రి ఆగండి. ఎండ కూడా మన కోస్తా ఎండే. తొమ్మిదిలోపు, మళ్లీ నాలుగు దాటాక నీళ్లలోకి దిగాలి. అందుకే చేతిలో నాలుగు రోజులే ఉండి, ఇద్దరే వెళ్తూ, నీళ్లు తప్ప మరేం అక్కర్లేదనుకుంటే ఏప్రిల్లో మాల్దీవులకే వెళ్లండి. వారం ఉండి, ఇంటిల్లిపాదీ కదిలితే ట్రింకోమలీ.

టికెట్లు కొనేముందు వైశాఖ పౌర్ణమి ఏ రోజో చూసుకోండి. శ్రీలంకలో అది వెసాక్ పండగ, ఆ వారం గదులు ముందే నిండిపోతాయి. మేం తిరిగొచ్చింది ఆ రాత్రే. దంబుల్ల దాటాక ఇంటింటికీ కాగితం లాంతర్లు. రోడ్డు పక్కన కుర్రాళ్లు కారు ఆపి, డబ్బు తీసుకోకుండా అందరికీ అన్నం పొట్లాలు, చల్లటి షర్బత్ ఇచ్చారు. మా అమ్మాయి ఆ కాగితం గ్లాసుని ఇంటిదాకా తెచ్చుకుంది.